గేరు పడకపోతే తప్పెవరిది?

మాది కృష్ణపట్నం. ఇప్పుడు పేరు చెప్పగానే "ఓ, పోర్టు ఉంది కదా" అంటారు ఎవరైనా. 2008లో ఆ పోర్టు మొదలయ్యే దాకా మా ఊరంటే ఉప్పు మడులు, చేపల పడవలు, బకింగ్‌హామ్ కాలువ, అంతే. ఇప్పుడు బొగ్గు లారీలని తప్పించుకుని రోడ్డు దాటడమే ఒక పని. సరే, ఈ టపా పోర్టు గురించి కాదు లెండి. గేర్ బాక్సుల గురించి.

సంక్రాంతికి కారులో వెళ్దామనుకుని చివరికి రైల్లో వెళ్ళాను. కారేమో సర్వీసు సెంటర్లో ఉంది, మూడోసారి. రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొన్న ఆటోమేటిక్కు. రోడ్డు ఖాళీగా ఉంటే బంగారం. గచ్చిబౌలి ట్రాఫిక్కులో పడిందంటే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. సర్వీసు అడ్వైజరు కుర్రాడు చాలా మర్యాదగా, "కారులో ప్రాబ్లం ఏం లేదు సార్, మీ డ్రైవింగ్ స్టైల్ వల్ల సార్" అన్నాడు. అక్కడికి నేనేదో రేసుల్లో తోలుతున్నట్టు!

ఊళ్ళో మా తాతకి ఇది జోకులాగా చెప్పాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "నాకూ అదే జెప్పినార్రా" అన్నాడు. అప్పుడు బయటికొచ్చింది ఈ కథ. ఇన్నేళ్ళలో మా నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదట.

తాత 1970ల్లో నెల్లూరులో టాక్సీ తోలేవాడు. సొంతం కాదు, ఓనరు కారు. 1981లో ఒక కుటుంబాన్ని తిరుమల తీసుకెళ్ళాడు. కారులో పిల్లలతో కలిపి ఏడుగురు, పైన సామాను. కొండ ఎక్కే దారిలో, అంటే 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో, ఒక మలుపు దగ్గర సెకండు గేర్లో బండి లాగలేకపోయింది. వెనక బస్సు హారను. ఆపితే ఆ బరువుతో మళ్ళీ లేపడం కష్టమని, కదులుతుండగానే ఫస్టు వేశాడు. కర్రుమని శబ్దం, తర్వాత ఏమీ లేదు. ఫస్టు గేరు పళ్ళు లేచిపోయాయి. ఓనరు మూడు నెలల జీతం కోశాడు. "పదేళ్ళ నుంచి తోలతన్నావు, గేరెయ్యడం రాదంటయ్యా నీకు" అని స్టాండులో అందరి ముందూ అన్నాడట. తర్వాత ఏడాదిలోపే తాత టాక్సీ మానేసి ఉప్పు మడుల్లోకి వచ్చేశాడు. మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. తనకి డ్రైవింగు సరిగ్గా రాదనే ఇన్నేళ్ళూ నమ్మాడు.

అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో గేర్ బాక్సుల చరిత్ర చదువుతూ కూర్చున్నా. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తా.

ముందు కొంచెం ఇంజనీరింగు. (మెకానికల్ వాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు.) గేరు మార్చడమంటే వేర్వేరు స్పీడులో తిరుగుతున్న రెండు భాగాలని ఒకదానికొకటి తగిలించడం. ఒకటి ఇంజను వైపుది, ఇంకోటి చక్రాల వైపుది. రెండింటి స్పీడూ కలిస్తే పళ్ళు మెత్తగా కూర్చుంటాయి. కలవకపోతే పళ్ళూ పళ్ళూ కొట్టుకుంటాయి. రెండు థ్రెడ్లు లాకు లేకుండా ఒకే వేరియబుల్ మీద రాస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు కదా, ఇదీ అంతే. పాత కార్లలో ఆ లాకు డ్రైవరు ఎడమ కాలు. క్లచ్చు తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్చు వదిలి, ఎక్సలేటరు కొంచెం ఇచ్చి, మళ్ళీ క్లచ్చు తొక్కి కింది గేరు వెయ్యాలి. మన డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది దీన్నే. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో, చెవితో ఇంజను శబ్దం వింటూ చెయ్యాలి. ఎత్తులో, మలుపులో, వెనక బస్సు హారను కొడుతుంటే కూడా!

ఈ మోటు పద్ధతి 1891 నాటి పాన్హార్డ్ లెవస్సార్ కారుతో మొదలైంది. లెవస్సార్ తన గేర్ బాక్సు గురించి తనే "మోటుదే గానీ పని చేస్తుంది" అన్నాడని చెప్పుకుంటారు. నిజాయితీపరుడు. తర్వాత జనం దీన్నుంచి తప్పించుకోడానికి రకరకాల పాట్లు పడ్డారు. ఫోర్డ్ మోడల్ టి (1908) లో అయితే గేరు రాడ్డే లేదు, పెడల్సుతో పని చేసే ప్లానెటరీ గేర్లు, రెండే గేర్లు. అసలు పరిష్కారం 1928లో వచ్చింది. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు డిజైను చేసిన సింక్రోమెష్‌ని కాడిలాక్ తన 1929 మోడల్ కార్లలో పెట్టింది. ఆలోచన చాలా సింపులు. పళ్ళు తగలడానికి ముందే ఒక చిన్న కోను ఇంకో కోనుకి రాసుకుని రెండింటి స్పీడూ కలిపేస్తుంది, ఆ తర్వాతే పళ్ళు కలుస్తాయి. ఇప్పుడు మన మెకానిక్కులు సింక్రో రింగు అనే ఇత్తడి రింగు పని అదే. డ్రైవరు కాలు చేసే పని ఆ రింగు చేస్తుందన్నమాట. అదే థాంప్సన్ తర్వాత పూర్తి ఆటోమేటిక్ మీద పని చేశాడు. అది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ పేరుతో వచ్చింది.

ఇప్పుడు మన దేశానికి రండి. హిందూస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని అంబాసిడర్‌గా ఉత్తరపారాలో మొదలుపెట్టింది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళ ఫియట్ 1100, తర్వాత దాని పేరే పద్మిని. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. మూడింటికీ నాలుగు గేర్లు, మూడింటిలోనూ రెండు, మూడు, నాలుగు గేర్లకి సింక్రో ఉంది. ఫస్టుకి లేదు.

అప్పట్లో బ్రిటన్‌లోనూ అంతే కదా అనొచ్చు. నిజమే, చాలా కార్లకి అంతే. ఫస్టు గేరు బండి కదలడానికే, నడుస్తుంటే వెయ్యరు కదా అనేది వాళ్ళ లెక్క. ఇంగ్లండు రోడ్ల మీద, నలుగురు కూర్చున్న కారుకి ఆ లెక్క సరిపోయిందేమో. తిరుమల ఘాట్ మీద ఏడుగురితో ఎక్కే టాక్సీకి సరిపోదు. పైగా వాళ్ళు అక్కడ ఆగిపోలేదు. సామాన్యుడి కారైన ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి కూడా 1960లోనే నాలుగు గేర్లకీ సింక్రో వచ్చేసింది. మనవాళ్ళు మాత్రం అదే డబ్బా అమ్ముకుంటూ పోయారు. ఎందుకు మారుస్తారు? 1953లో టారిఫ్ కమిషన్ రిపోర్టు తర్వాత, ఇక్కడ కార్లు బిగించి అమ్మే ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. మిగిలిన వాటికి లైసెన్సు ఉంది, పోటీ లేదు. కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవాడు ఫస్టు గేరుకి సింక్రో లేదని కంప్లైంటు చేస్తాడా? ఇచ్చిందే మహాప్రసాదం. అంబాసిడర్‌లో ఐదు గేర్ల బాక్సు, కింద నుంచి వచ్చే గేరు రాడ్డు చూడాలంటే 1992లో ఇసుజు ఇంజను వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

స్టీరింగు పక్కన గేరు రాడ్డు గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. ముందు సీటు బెంచీలాగా ఉంటుంది కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు, మనసుంటే ముగ్గురు పట్టేవాళ్ళు. టాక్సీకి అదే లాభం. కానీ చేతిలో రాడ్డుకీ, ఎక్కడో కింద ఉన్న గేర్ బాక్సుకీ మధ్య బోలెడు కడ్డీలు, బుష్షులు. అవి అరిగితే రాడ్డు గంజిలో గరిటెలా తిరుగుతుంది. ఒక్కోసారి రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోతుంది. అప్పుడు డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, లీవర్లని చేత్తో లాగి సరి చేసుకునేవాడు. తాత దీన్ని చెప్పేటప్పుడు మాత్రం కొంచెం గర్వంగానే చెప్పాడు.

నాకు ఆ గర్వం దగ్గరే చిక్కనిపిస్తుంది. మన బస్సుల సంగతే చూడండి. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటి నుంచి, 1958లో ఆర్టీసీ ఏర్పడ్డాక కూడా ఎన్నో ఏళ్ళు, శబ్దం రాకుండా గేరు మార్చగలిగినవాడే మొనగాడు. డబుల్ క్లచ్ కొట్టే డ్రైవరు వెనక కూర్చుని, ఆ చేయీ కాలూ చూస్తూ పెరిగిన పిల్లలు మనలో చాలామంది ఉంటారు. అది నిజంగా గొప్ప విద్యే, కాదనను. కానీ ఆ విద్యని అంతగా మెచ్చుకోవడం వల్ల అసలు ఆ విద్య అవసరం ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. ప్రతి ఆఫీసులోనూ రాత్రి రెండింటికి ఏ సర్వరు ఏ వరసలో రీస్టార్ట్ చెయ్యాలో కంఠతా వచ్చిన ఒక అన్న ఉంటాడు. అందరం ఆయన్ని పొగుడుతాం. ఆ సర్వరుని మాత్రం ఎవరూ బాగు చెయ్యరు!

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్న రాడ్డు, ముందుకెళ్ళే నాలుగు గేర్లకీ సింక్రో. అదే రోజుల్లో మన హైదరాబాద్ ఆల్విన్ (ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన ఆల్విన్ వాళ్ళే) నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు చేసింది. ఆ జపాన్ బళ్ళు తోలిన డ్రైవర్లు "రెండేళ్ళు తో గేరు వెయ్యొచ్చు" అనేవాళ్ళని తాత అన్నాడు. డ్రైవర్లు అదే మనుషులు. ఒక్కసారిగా అందరికీ గేరు వెయ్యడం ఎలా వచ్చేసిందో మరి! తాత అప్పటికే ఉప్పు మడుల్లో ఉన్నాడు.

ఇక మన కాలం. 2014లో సెలేరియోతో మారుతి ఏఎంటీ తెచ్చింది. మామూలు గేర్ బాక్సే, క్లచ్చు తొక్కే పనీ గేరు మార్చే పనీ మోటార్లు, సాఫ్ట్‌వేరు చేస్తాయి. చవక, మైలేజీ తగ్గదు, మొండిది. సుఖమా అంటే.. గేరు మారినప్పుడల్లా తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మా నాన్న అలాంటి కారే కొన్నాడు. అందులో మొదటిసారి కూర్చున్నప్పుడు తాత, "ఎవురో కొత్తగా నేర్చుకుంటా ఉండారు లోపల" అన్నాడు. అంతకన్నా మంచి రివ్యూ నేను చదవలేదు.

ఏఎంటీ కనీసం ఇబ్బంది పెడుతుంది గానీ మోసం చెయ్యదు. డ్యుయల్ క్లచ్ కథ వేరు. రెండు క్లచ్చులుంటాయి, ఒకటి పని చేస్తుంటే రెండోది తర్వాతి గేరు పట్టుకుని రెడీగా ఉంటుంది. కాగితం మీద అద్భుతం. చవక రకంలో ఆ క్లచ్చులు ఆయిల్లో మునగవు, పొడిగా ఉంటాయి. ట్రాఫిక్కులో అంగుళం అంగుళం పాకుతుంటే వేడెక్కిపోతాయి. ఫోక్స్‌వాగన్ 2013లో ఇలాంటి గేర్ బాక్సుల వల్ల చైనాలో 3,84,181 కార్లు రీకాల్ చేసింది. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లలో గేర్ ఆయిలు మార్చాల్సొచ్చింది.

ఫోర్డ్ పవర్‌షిఫ్ట్‌ది ఇంకా ఘోరం. షాఫ్టు సీలు దగ్గర ఆయిలు కారి పొడి క్లచ్చు మీద పడేది, కారు వణికేది. ఆస్ట్రేలియాలో అమ్మిన 70 వేలకు పైగా కార్లలో దాదాపు సగం కనీసం ఒకసారి ఆ రిపేరుకి వచ్చాయి. 2018 ఏప్రిల్లో అక్కడి ఫెడరల్ కోర్టు కంపెనీకి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. జరిమానా కారు చెడిపోయినందుకు కాదు, కంప్లైంటు చేసినవాళ్ళతో వ్యవహరించిన తీరుకి. లోపాలున్నాయని తెలిసి కూడా, ఆ వణుకు మీ డ్రైవింగ్ స్టైల్ వల్లేనని కస్టమర్లకి చెప్పారు.

ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. (నా కారు పైన చెప్పిన కంపెనీల్లో దేనిదీ కాదు.) నెల్లూరు టాక్సీ స్టాండులో మాటే ఇదీ, కొంచెం ఇస్త్రీ చేసిన ఇంగ్లీషులో. తేడా ఏమిటంటే వాళ్ళకి కోర్టుకి తీసుకెళ్ళే కన్స్యూమర్ కమిషన్ ఉంది. తాతకి ఓనరు ఉన్నాడు.

తప్పు మొత్తం కారుదే అనను. ఏడుగురిని ఎక్కించడం తప్పే. బండి పూర్తిగా ఆపి ఫస్టు వేసుంటే పళ్ళు మిగిలేవి. కానీ ఏడుగురిని ఎక్కించమన్నది డ్రైవరు కాదు కదా. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా ప్రాజెక్టులో నేనూ ఎన్నో టికెట్లు "యూజర్ ఎర్రర్" అని రాసి మూసేశాను. అందులో ఎన్ని నిజంగా యూజరువో చూడ్డానికి ఇప్పుడు భయమేస్తోంది.

కనుమ రోజు పొద్దున పాత క్యాలెండరు వెనక గేర్లు గీసి తాతకి చూపించాను. ఇది ఇంజను వైపుది, ఇది చక్రాల వైపుది, ఇదిగో స్పీడు కలిపే రింగు, ఇది నీ ఫస్టు గేరుకి పెట్టనే లేదు తాతా అన్నాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఎప్పుడు కనిపెట్టినారు?"

"1928లో."

"మాది ఎనభై ఒకటి గదా."

"అవును."

ఇంకాసేపు ఆ కాగితం వంక చూసి, "అయితే ఆ మూడు నెల్ల జీతం ఎవురిస్తార్రా?" అన్నాడు. జేజి వంటింట్లోంచి, "ముందు నువ్వు లేచి స్నానం చెయ్" అంది. కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిన్న సర్వీసు సెంటరు నుంచి ఫోనొచ్చింది. సాఫ్ట్‌వేరు అప్‌డేట్ చేశారట, అంతా ఓకే అట. శనివారం వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, సాయంత్రం ఆరింటికి ఫ్లైఓవరు కింద నుంచి ఒక రౌండు వేయిస్తా. స్టీరింగు వాడి చేతికే ఇస్తా.