నేరం పుట్టుకలో ఉందా?

“దొంగ కడుపున దొంగే పుడతాడు” అనే మాట మీరూ వినే ఉంటారు. ఒకప్పుడు మన దేశంలో ఈ నమ్మకమే చట్టమైంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా ప్రకటించింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. అప్పటి గుంటూరు జిల్లా స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో ఉంచారు. అప్పట్లో ఊరు దాటాలంటే అనుమతి కావలసి వచ్చేది.

మరి ఈ నమ్మకం నిజమా? అమెరికాలోని షికాగోలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే సామాజిక శాస్త్రవేత్తలు కోర్టుకెక్కిన బాలుర ఇళ్లను పటంమీద చుక్కలుగా గుర్తించారు. నగర కేంద్రం చుట్టూ ఉన్న పేదవాడల్లోనే చుక్కలు దట్టంగా కనిపించాయి. విశేషమేమిటంటే, దశాబ్దాలు గడిచి ఆ వాడల్లో ఒక జాతివారు వెళ్లి మరో జాతివారు వచ్చినా, చుక్కలు అక్కడే ఉన్నాయి! వెళ్లినవారి పిల్లల్లో నేరాలు తగ్గాయి. అంటే కారణం రక్తంలో లేదన్నమాట. పేదరికం, నిలకడలేని నివాసం, ఇరుగుపొరుగు పట్టు సడలడం కారణాలని 1942లో వారు తమ గ్రంథంలో వివరించారు.

ఇంకో ప్రశ్న ఉంది. పోలీసులు ఎవరిని పట్టుకుంటారు? సంఘం ఎవరికి ముద్ర వేస్తుంది? ఆ ముద్రే మనిషిని నేరంవైపు నెట్టగలదని హోవార్డ్ బెకర్ 1963లో వాదించాడు.

మన చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం ఊరి పేరుకు అంటుకుపోయింది. ఈసారి ఎవరైనా ఊరి పేరు విని నవ్వితే, షికాగో చుక్కల సంగతి వారికి చెప్పండి.