తెల్లకాగితం ఇల్లు

ఉప్పల్, నాచారం చరిత్ర రాసేటోళ్లు ఫ్యాక్టరీలు ఎప్పుడొచ్చినయో రాస్తరు. అండ్ల పనిచేసినోళ్లు రాత్రిపూట ఎక్కడ పండుకున్నరో రాయరు. ఆ రాయని చరిత్ర మాది.

1973లో ఏపీఐఐసీ, 1975లో హుడా పుట్టినయి. ఒకటి ఫ్యాక్టరీలకు జాగలు చూపిస్తే, ఇంకొకటి నగరం ఎటు పెరగాల్నో గీతలు గీసింది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలకు రోడ్లొచ్చినయి, కరెంటొచ్చింది. వరంగల్ రోడ్డు పట్టుకొని, నల్లగొండ దిక్కు నుంచి ఊరిడిసిన మాదిగ, మాల కుటుంబాలు పనికొచ్చినయి. గేటు లోపల మిషనుకు షెడ్డుంది. గేటు బయట మనిషికి గుడిసె జాగ లేదు. ప్లాను గీసినోళ్లకు మా చేతులు కనపడ్డయి గాని మా సంసారాలు కనపడలే.

మా నాయన హమాలి. అవ్వ ఇండ్లల్ల బాసాన్లు తోమేది. చిట్టీ ఎత్తి, పుస్తెలు కుదువబెట్టి 60 గజాల ముక్క కొన్నరు. అమ్మినాయన తెల్లకాగితం మీద రాసిచ్చిండు. అది సర్కారు భూమా, పట్టా భూమా అని అడగడం మావోళ్లకు తెల్వదు. ఊర్లె మా తాతకు భూమి ఉంటే గద, పహాణీ ఎట్లుంటదో తెలిసేది!

అక్క పెండ్లీడుకొచ్చిందని 2003లో ఉన్న అర్ర పక్కన ఇంకో అర్ర లేపినం. సిమెంటు రేకులదే. తలుపు పెట్టిన వారానికి జేసీబీ వచ్చింది. "నోటీసన్న ఇయ్యకపోతిరి సారూ" అని నాయన దండం పెట్టిండు. "ఇస్తే చదువొస్తదా నీకు?" అన్నడు వచ్చినాయన. చదువొచ్చినదాన్ని, తొమ్మిదో తరగతిదాన్ని, నేను పక్కనే ఉన్న.

ఆ రాత్రే అర్జీ రాసిన. నాయన ఏలుముద్ర వేసిండు. ముట్టినట్టు ముద్ర కొట్టిన కాపీ ఇప్పటికీ ఉంది. జవాబు మాత్రం రాలే. అదే గల్లీల రెండంతస్తులకు అనుమతి తీసుకొని నాలుగు లేపిన బిల్డింగు దిక్కు ఎవరూ చూడలే.

2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్, కాప్రాతో సహా 12 మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌ల కలిసినయి. అదే ఏడు డిసెంబర్ 31న 901 జీవో వచ్చింది. 1985 తర్వాత అనుమతి లేకుండ, అనుమతి మీరి కట్టినయి పైసలు కడితే క్రమబద్ధం చేస్తమన్నది. అయితే యాజమాన్య కాగితం ఉండాలె, సర్కారు జాగ కావొద్దు. తప్పు ఒకటే. కాగితం ఉన్నోనికి జుర్మానా, లేనోనికి జేసీబీ.

2014 డిసెంబర్ 30న 58 జీవో వచ్చింది. ఆ ఏడు జూన్ 2 నాటికి సర్కారు జాగల ఇల్లు కట్టుకొని ఉన్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగ క్రమబద్ధం చేస్తమన్నది. మిగిలిన అర్రకు అవ్వ పేరు మీద పట్టా వచ్చింది. నాయన చూడలే. 11 ఏండ్ల కింద కూలిన అర్ర ఏ లెక్కలకూ రాలే.

చెరువులు, నాలాలు కాపాడాలె అంటే మేమూ అవునంటం. 2020 అక్టోబర్ వానలకు ఉప్పల్ దిక్కు కాలనీలు మునిగితే ముందు తడిసింది పల్లంల ఉన్నోళ్ల బియ్యమే. తియ్యాల్సింది తియ్యాలె. కాని ముందు చెప్పాలె, వినాలె, ఇంకో నీడ చూపాలె.

బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసుల బతుకుదెరువు కూడ జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. 2024 నవంబర్ 13న అదే కోర్టు, 15 దినాల నోటీసు ఇయ్యకుండ, వాళ్ల మాట వినకుండ ఇండ్లు కూలగొట్టొద్దన్నది. మా అర్జీల నేనడిగింది గదే. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైలుపట్టాల పక్క, చెరువు, నాలా లాంటి చోట్ల అక్రమంగ ఉన్నయాటికి ఆ రక్షణ లేదు. జాగ కొనలేని మావోళ్లకు దొరికేది అసొంటి చోట్లనే!

ఇప్పుడు నేను సర్కారు బడిల పంతులమ్మను. లేఖలు రాసే పాఠమొస్తే సెలవు చీటీతోని ఆగను. అర్జీ రాయిస్త. తేది ఎక్కడ వెయ్యాల్నో, సర్వే నంబరు ఎట్ల రాయాల్నో, కాపీ మీద ముద్ర ఎందుకు కొట్టించుకోవాల్నో చెప్త. "నోటీసు ఇస్తే చదువొస్తదా?" అని ఇంకోసారి ఎవరన్న అడిగితే, చదివి చెప్పేటోళ్లు గల్లీకి పదిమంది ఉండాలె.