ఇలియడ్ కావ్యముఖము

ఇలియడ్ పేరు విన్నంతనే మనలో పెక్కుమందికి హెలెన్ అపహరణమును, కొయ్యగుఱ్ఱమును, ట్రాయి నగర దహనమును స్మృతికి వచ్చును. చిత్రమేమనగా ఈ గ్రీకు కావ్యమునకు పీఠికయైన మొదటి ఏడు పంక్తులలో వీనిలో నొక్కటియు లేదు. కొయ్యగుఱ్ఱము కథ ఇలియడ్‌లో నెచ్చటను లేదు. అది ఒడిస్సీలో వచ్చును. పదునైదువేల పంక్తులు మించిన ఈ గ్రంథము పదేండ్ల యుద్ధమునంతయు చెప్పక, పదవ యేటి కొన్ని వారముల కథనే చెప్పుచున్నది.

కావ్యమున మొట్టమొదటి మాట క్రోధము. గ్రీకులో కోపమునకు మాటలు పెక్కు కలవు. ఇచ్చట వాడిన మాటను హోమరు ఎక్కువగా దేవతల ఆగ్రహమునకే వాడును. అట్టి క్రోధము అకిలీసు అను మానవునిది. అది శత్రువులకు గాక స్వపక్షమునకే లెక్కలేని దుఃఖములు తెచ్చెనని రెండవ పంక్తిలోనే తెలియుచున్నది.

తరువాతి మాట మరింత ఘోరము. వీరుల జీవములు పాతాళమునకు పోగా, వారు కుక్కలకును పక్షులకును ఎర యైరని కవి చెప్పును. 'వారు' అనగా దేహములే! ఆత్మయే తాననియు, దేహము విడిచిన వస్త్రమనియు వినుచు పెరిగిన మనకు ఈ ప్రయోగము తలక్రిందుగా తోచును. హోమరు దృష్టిలో నేలబడిన దేహమే మనిషి, పోయినది నీడ. కనుకనే ఇచ్చట అంత్యక్రియ దక్కకపోవుట మరణముకన్న దారుణము.

క్రీస్తు పూర్వము 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతియగు జెనొడోటసు ఈ 4, 5 పంక్తులను శంకించెను. పండితులకు శంక సహజమే. కాని వానిని తీసివేసినచో కావ్యమునకు కాలు విఱుగునని మాకు తోచును. పేరుగల వీరుని దేహమును కుక్కలు తినినట్లు కవి ఎచ్చటను వర్ణింపలేదు. ఆ భయము మాత్రము కడవరకు వెంటాడును. 22వ సర్గలో హెక్టరు ప్రాణము విడుచుచు తన దేహమును తల్లిదండ్రులకిమ్మని వేడగా, అకిలీసు ఆ కుక్కల పేరే చెప్పి నిరాకరించును.

పీఠిక ముగిసినవెంటనే వచ్చు దృశ్యమును చూడుడు. అపోలో పూజారి క్రైసీసు, వృద్ధుడు, చెరబడిన కూతును విడిపించుకొనుటకై అపార ధనముతో గ్రీకుల నౌకల చెంతకు వచ్చును. సేన యంతయు సరేయన్నను, రాజగు ఆగమెమ్నాన్ అవమానించి తఱిమివేయును. అపోలో బాణములు తొమ్మిదినాళ్లు మహమ్మారియై కురియును: మొదట కంచరగాడిదలు, కుక్కలు, పిదప మనుష్యులు. పదవనాడు సభ, ఆ సభలోనే రాజునకును అకిలీసునకును కలహము. ఇదియంతయు ఒక తండ్రి వేడికోలును త్రోసిపుచ్చుటవలన.

కడపటిదగు 24వ సర్గలో మరియొక వృద్ధుడు రాత్రివేళ శత్రువుల శిబిరమునకు వచ్చును. అతడు ట్రాయి రాజు ప్రయాము, హెక్టరు తండ్రి. కుమారుని చంపిన చేతులను ముద్దిడుకొని శవమును యాచించును. తాను తెచ్చిన ధనమును గూర్చి అతడు పలుకు మాటలు, మొదట క్రైసీసు ధనమును గూర్చి కవి వాడిన మాటలే. ఈమారు తండ్రి మాట చెల్లినది. దూరముననున్న తన తండ్రిని తలచుకొని అకిలీసు ఏడ్చి శవము నిచ్చివేయును. హెక్టరు అంత్యక్రియలతో కావ్యము ముగియును. ట్రాయి అప్పటికింకను నిలిచియే యుండును.