తీర్పు రాని కేసు

1943 అక్టోబరు 14, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా. శాసనసభ భవనం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. కాస్త ఇటు జరగండి, వేదిక కనిపిస్తుంది. దారిలో జపాన్ సెంట్రీ ఎదురైతే తల వంచడం మరిచిపోకండి. మరిచిపోతే చెంప ఛెళ్లుమంటుంది. నిరుడు జనవరి నుంచి ఈ ఊళ్లో నడుస్తున్న చట్టం అదే.

పెట్రోలు కరువై కార్లు మూలపడ్డాయి. గుర్రబ్బళ్లు, సైకిళ్లు, లేదంటే కాలినడక. పక్కనున్నావిడ చేతిలో తాటాకు సంచి, అందులో జపాన్ వాళ్లు అచ్చేసి వదిలిన నోట్లు. 'మిక్కీ మౌస్ డబ్బు' అని జనం వాటికి పెట్టుకున్న పేరు. ఇంకో ఏడాది ఆగితే సంచి నిండా నోట్లు మోసుకెళ్లి గుప్పెడు బియ్యం తెచ్చుకునే రోజులొస్తాయి.

అదిగో, జెండా తాడు పట్టుకున్న ఇద్దరు ముసలివాళ్లు. ఒకాయన ఎమిలియో అగినాల్డో, 1899 నాటి తొలి గణతంత్రానికి అధ్యక్షుడు. రెండో ఆయన జనరల్ ఆర్టెమియో రికార్టే. అమెరికాకు విధేయుణ్నని ప్రమాణం చేయనంటే చేయనని భీష్మించి యొకొహామాలో ఏళ్ల తరబడి ప్రవాసమున్న మనిషి. జపాన్ వచ్చినప్పటి నుంచి నిషేధంలో ఉన్న సొంత జెండా మెల్లగా పైకి లేస్తోంది. జనంలో ఎవరి కళ్లయినా చెమర్చాయంటే అది జపాన్ మీద ప్రేమ కాదు.

ఇప్పుడు జపాన్ నిలబెట్టిన కొత్త గణతంత్రానికి అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్నాయనే హోసే పి. లారెల్. 52 ఏళ్లు. జూన్‌లో వాక్ వాక్ మైదానంలో గోల్ఫ్ ఆడుతుంటే తుపాకీతో కాల్చారు. చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. కాల్చింది సొంత దేశపు గెరిల్లాలే.

ఆయన ముఖంలోకి చూస్తే జడ్జీ కనిపిస్తాడు. బతాంగస్ రాష్ట్రంలోని తనావాన్ ఊరివాడు. కుర్రతనంలో ఒక అమ్మాయి విషయమై గొడవపడి అవతలివాణ్ని కత్తితో పొడిచాడు. కింది కోర్టు శిక్ష వేసింది, 1912లో సుప్రీంకోర్టు వదిలేసింది. 1936లో అదే సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా కూర్చున్నారు! అధికారం ఎక్కడ ఆగాలో తేల్చాల్సింది కోర్టులేనని చెప్పిన అంగారా కేసు తీర్పు ఆయన రాసిందే. రాజ్యాంగ సభలో పౌర హక్కుల అధ్యాయం కోసం పాటుపడిందీ ఆయనే. ఆ చేతే ఇవాళ పరాయి సైన్యం నీడలో ప్రమాణానికి లేచింది. జపాన్ వచ్చేనాటికి అధ్యక్షుడైన కెజోన్ అమెరికన్లతో దేశం దాటారు. లారెల్ ఇక్కడే ఉండిపోయారు. ఎవరో ఒకరు మిగలాలి కదా.

వచ్చే నెల జపాన్ పిలిచిన టోక్యో సమావేశంలో ఈయనకు కాస్త దూరంలో మన నేతాజీ కూడా కూర్చుంటారు. ఇద్దరికీ జపాన్‌తోనే పని. కానీ బోసు కోరి వెళ్లారు, లారెల్‌కు ఆ వీలెక్కడిది?

ఏడాది ముందుకు దూకుదాం. 1944 సెప్టెంబరు 21. సైరన్లు మోగకముందే అమెరికా విమానాలు నెత్తిమీదికి వచ్చేశాయి. రేవులో పొగ. అధ్యక్ష నివాసం మలకానాంగ్ భవనంలో లారెల్ మార్షల్ లా ఉత్తర్వు మీద సంతకం పెడుతున్నారు. రెండు రోజులకు అమెరికా, బ్రిటన్‌లతో యుద్ధస్థితి ఉందన్న ప్రకటన. జపాన్ ఏడాదిగా మెడ మీద కూర్చుని అడుగుతున్నది అదే. అయితే ఒక్క ఫిలిపినో కుర్రాణ్నీ సైన్యంలోకి బలవంతంగా పట్టుకెళ్లనివ్వలేదు. నన్నడిగితే ఆయన బతుకు మొత్తంలో గట్టి పని అదే.

తర్వాతంతా పరుగు. బాగియో కొండలు, తైవాన్, జపాన్‌లోని నారా. 1945 ఆగస్టు 17న అక్కడే తన గణతంత్రాన్ని తానే రద్దు చేశారు. ఆపై అమెరికన్ల చేతికి చిక్కి టోక్యోలోని సుగామో జైలు. 1946లో మనీలాకు తెచ్చారు, 132 దేశద్రోహం అభియోగాలు. విచారణ తేలకముందే 1948 జనవరిలో అధ్యక్షుడు రోహాస్ క్షమాభిక్ష. 1949లో అధ్యక్ష ఎన్నికల్లో ఓడారు, 1951లో సెనేట్‌కు అందరికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు.

ఓట్లు వేరు, తీర్పు వేరు. ఆ 132లో ఒక్కదాని మీదా కోర్టు నోరు విప్పలేదు. విప్పి ఉండాల్సింది. తప్పో ఒప్పో తేల్చకుండా వదిలేసిన ఆ క్షమాభిక్ష లారెల్‌కూ, ఆ యుద్ధంలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లకూ, ఇద్దరికీ అన్యాయమే చేసింది.