జ్వరం రాకున్నా టీకా పనిచేస్తుంది

తార్నాక: టీకా వేయించుకున్న రాత్రి ఒళ్లు కాలితే ‘మందు వికటించింది’ అంటారు. ఏమీ కాకుంటే ‘సూదిలో నీళ్లే ఉన్నాయి’ అంటారు. 2021లో కొవిడ్‌ టీకాల వేళ ఈ రెండు మాటలూ ఊరూరా వినిపించాయి. రెండూ సరికావు. ఎందుకో తెలియాలంటే తార్నాకలో రూపుదిద్దుకున్న ఒక రసాయనం సంగతి తెలుసుకోవాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి తార్నాక కూడలి దాటి హబ్సిగూడ వైపు వెళ్లే దారిలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. 1944లో నిజాం ఏలుబడిలో మొదలైన ఈ సంస్థ పాతతరానికి ఆర్‌ఆర్‌ఎల్‌గానే పరిచయం. భారత్‌ బయోటెక్‌ వారి కొవాగ్జిన్‌లో టీకా శక్తిని పెంచేందుకు కలిపిన సహాయక ద్రవ్యంలో ఒక కీలక అణువు ఉంది. దానిని దేశీయ రసాయనాలతో, తక్కువ ఖర్చుతో తయారుచేసే విధానాన్ని ఇక్కడి శాస్త్రవేత్తలు రూపొందించారు. ఆ సహాయక ద్రవ్యాన్ని మొదట కనుగొన్నది మాత్రం అమెరికాలోని కాన్సస్‌కు చెందిన వైరోవ్యాక్స్‌ సంస్థ.

కొవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్‌. చచ్చిన పామును చూసి ఎవరూ కర్ర అందుకోనట్లే, దానిని మాత్రమే ఎక్కిస్తే శరీరం అంతగా స్పందించదు. అల్యూమినియం లవణాలు టీకాకు బలమిస్తాయని 1926లోనే తేలింది. కొవాగ్జిన్‌లో అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు ఈ అణువును జోడించారు. రోగనిరోధక కణాల్లోని టీఎల్‌ఆర్‌-7, 8 అనే గ్రాహకాలు వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను పసిగడతాయి. ఈ అణువు నేరుగా వాటినే తట్టి లేపుతుంది.

మేల్కొన్న కణాలు సైటోకైన్లను వెలువరిస్తాయి. సూది గుచ్చినచోట వాపు, నొప్పి వీటి ఫలితమే. ఇవి రక్తంలో కలిసి మెదడుకు సంకేతం చేరితే అక్కడ ప్రోస్టాగ్లాండిన్‌ తయారై జ్వరం వస్తుంది. ఇదంతా తొలి ఒకటి రెండు రోజుల ముచ్చట. అసలు రక్షణనిచ్చే ప్రతిరక్షకాలు, జ్ఞాపక కణాలు ఆ తర్వాతి వారాల్లో చడీచప్పుడూ లేకుండా తయారవుతాయి. కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల అధ్యయనాల్లో బాధలు ఎక్కువగా ఉన్నవారికి ప్రతిరక్షకాలు కొంత అధికంగా కనిపించాయి. అయితే ఏ బాధా లేనివారిలోనూ అవి తగినంతగా వచ్చాయి.

కొవాగ్జిన్‌ మూడోదశ ప్రయోగంలో సుమారు 25,800 మంది పాల్గొన్నారు. 2021 నవంబరులో లాన్సెట్‌ పత్రిక ప్రచురించిన ఫలితాల ప్రకారం, టీకా పొందినవారిలో 12.4 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. వైరస్‌ లేని ఉత్తుత్తి సూది పొందినవారిలోనూ సరిగ్గా 12.4 శాతమే! లక్షణాలతో కూడిన వ్యాధి నుంచి రక్షణ 77.8 శాతంగా తేలింది. అంటే రక్షణ పొందినవారిలో అత్యధికులకు జ్వరం రానేలేదు.

పసిపిల్లల తల్లులకు ఈ సంగతి మరింత అవసరం. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌ టీకాలో కోరింత దగ్గు క్రిమిని మొత్తంగా చంపి వాడతారు గనుక జ్వరం తరచుగా వస్తుంది. ఆ భయంతో తర్వాతి మోతాదు మానేస్తే బిడ్డకు రక్షణ సగంలోనే ఆగిపోతుంది. జ్వరం వచ్చాక వైద్య సిబ్బంది చెప్పిన మేరకు పారాసిటమాల్‌ ఇవ్వవచ్చు. రాకముందే ఇవ్వడం మాత్రం అంత మంచిది కాదు. అలా ఇచ్చిన శిశువుల్లో కొన్ని ప్రతిరక్షకాలు తగ్గినట్లు 2009లో చెక్‌ రిపబ్లిక్‌ అధ్యయనం చూపింది.

టీకా వేసిన అరగంటలోపు ఊపిరాడకపోవడం, ముఖం వాయడం, స్పృహ తప్పడం వేరే విషయం. అది అరుదైన తీవ్ర అలర్జీ. కేంద్రంలో అరగంట కూర్చోబెట్టేది అందుకే. ఇంటికి వెళ్లాక మూర్ఛ వచ్చినా, జ్వరం రెండు రోజులు దాటినా వెంటనే వైద్యునికి చూపించాలి.