క్లార్కు విశ్వవిద్యాలయమున ఐదు ఉపన్యాసములు

1909 సెప్టెంబరులో, అమెరికాలోని వర్సెస్టరు పట్టణమున క్లార్కు విశ్వవిద్యాలయము తన ఇరువదవ వార్షికోత్సవమును జరుపుకొన్నది. అది చిన్న విద్యాలయమే. కాని దాని అధ్యక్షుడు స్టాన్లీ హాల్ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. కనుక ఉత్సవములో ఆ శాస్త్రమునకు పెద్దపీట వేసెను.

1879లో లైప్జిగు నగరమున ప్రయోగశాల నెలకొల్పిన వుంట్ పండితుని హాల్ ఆహ్వానించెను గాని ఆయన రాలేదు. వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడు కూడ మొదట నిరాకరించెను. సభ జూలైలో జరుగవలసియుండెను. ఆ దినములలో రోగులను విడిచి వచ్చినచో ఆదాయము పోవును. తేదీ సెప్టెంబరునకు మారి, పారితోషికము పెరిగిన తరువాతనే ఆయన అంగీకరించెను. గొప్ప సభల వెనుక ఇట్టి లెక్కలుండుట, పాఠశాల వార్షికోత్సవములు నడపు ఉపాధ్యాయులకు వింతగా తోచదు.

అప్పటికి ఫ్రాయిడు వయస్సు 53 ఏండ్లు. సెప్టెంబరు 7 మొదలు 11 వరకు దినమునకొకటి చొప్పున ఐదు ఉపన్యాసములు జర్మను భాషలో ఇచ్చెను. చేతిలో కాగితము లేదు. ఉపన్యాసమునకు ముందు మిత్రుడు ఫెరెంజీతో అరగంట నడచుచు, ఆనాడు చెప్పవలసినది నిర్ణయించుకొనెడివాడు.

మొదటినాడు ఒక యువతి కథ చెప్పెను. 1880–82 సంవత్సరములలో బ్రాయర్ అను వైద్యుడు ఆమెకు చికిత్స చేసెను. ఒక దశలో ఆమె, ఎంత దప్పికయైనను నీరు త్రాగలేకపోయెను. సమ్మోహన నిద్రలో, తన శిక్షకురాలి కుక్క గ్లాసులోని నీరు త్రాగుట చూచి అసహ్యపడిన సంగతి బయటపెట్టి, వెంటనే నీరడిగి త్రాగెను. మరచిన స్మృతిని మాటలలో వెలికి తీసినచో వ్యాధి లక్షణము తొలగునని దీని తాత్పర్యము.

మరునాడు, ఆ స్మృతి ఏల మరుగుపడెనో చెప్పుటకై 'దమనము' అను భావమును వివరించుచు, ఆ సభామందిరమునే ఉదాహరణముగా తీసికొనెను. శ్రోతలలో ఒకడు నవ్వుచు, కాళ్లు నేలకు తట్టుచు అల్లరి చేయుచున్నాడనుకొనుడు. బలవంతులు కొందరు లేచి వానిని బయటికి నెట్టి, మరల రాకుండ తలుపునకు కుర్చీలు అడ్డము వేసికొని కూర్చుందురు. ఉపన్యాసము సాగును. కాని వాడు ఊరకుండునా? తలుపు బాదుచు, కేకలు వేయుచు, మునుపటికంటె ఎక్కువగా బాధించును. అప్పుడు అధ్యక్షుడు హాల్ వెలుపలికి పోయి, వానితో మాటలాడి, బుద్ధిగా ఉండునని పూచీపడి లోనికి తెచ్చినచో శాంతి కలుగును. మందిరము చేతన మనస్సు, వెలుపలి చోటు అచేతనము, తలుపు బాదుట వ్యాధి లక్షణము, మధ్యవర్తి వైద్యుడు. అల్లరి పిల్లవానిని తరగతి బయట నిలబెట్టి చూచిన వారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

ఉపమానము ఎంత అందమైనదైనను నిదర్శనము కాజాలదు. నిదర్శనముగా నిలచిన యువతి కథయో, తరువాత వేరు రూపు దాల్చెను. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైం అని 1953లో గాని లోకమునకు తెలియలేదు. 1972లో ఎల్లెన్‌బర్గరు అను చరిత్రకారుడు స్విట్జర్లాండులోని ఒక ఆరోగ్యాలయమున ఆమె పత్రములను కనుగొని ప్రకటించెను. బ్రాయర్ చికిత్స ముగిసిన కొలది వారములకే, 1882 జూలైలో, ఆమె అచ్చట చేర్పబడినది. అప్పటికి ఆమె బాధలు తీరలేదు. కాలక్రమమున కోలుకొని 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘమును స్థాపించెను. వర్సెస్టరులో ఆమె కథ చెప్పబడునాటికి ఆమె ఆ సంఘమునకు నాయకురాలు!

విచిత్రమేమనగా, అదే ఉత్సవములో విలియం స్టెర్న్ అను జర్మను పండితుడు సాక్షుల జ్ఞాపకము ఎంతవరకు నమ్మదగినదను విషయముపై ఉపన్యసించెను. హార్వర్డునుండి వచ్చి విన్న విలియం జేమ్సు, ఫ్రాయిడు కొన్ని స్థిరభావములకు బద్ధుడైనట్లు తోచినదని ఒక లేఖలో వ్రాసెను. మాట కటువే గాని, న్యాయమైనదనియే చెప్పవలెను.

ఫ్రాయిడు ఉపన్యాసములు 1910లో, హాల్ స్థాపించిన పత్రికలో ఆంగ్లమున వెలువడినవి. దమన భావము మన దేశమునకును చేరెను. కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర బోసు దానిపైననే గ్రంథము వ్రాసి, 1921లో అచ్చటి విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందెను. మరుసటి ఏడు భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. గ్రంథమును ఫ్రాయిడునకు పంపెను. కాని శిష్యునివలె తలయూపి ఊరకుండలేదు. పరస్పర విరుద్ధములగు కోరికలు జంటలుగా ఉండునను తన సిద్ధాంతమును ముందుంచి, ఫ్రాయిడుతో ఏండ్ల తరబడి ఉత్తరములు నడపెను.