మన పెద్దల గురి, దొరల దుర్భిణి

పోయిన ఏడాది ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం తరఫున విలువిద్య పోటీ పెట్టాం. పోటీ అయ్యాక పట్నంలో చదువుకుంటున్న మన పిల్లవాడొకడు ఫోనులో ఏదో విదేశీ వేట వీడియో చూపిస్తూ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "దుప్పిని కొట్టే తుపాకికి స్కోపు ఎన్ని ఎక్స్‌లు ఉండాలి? తొమ్మిదా, పన్నెండా, ఇరవై అయిదా?" పక్కనే కూర్చున్న తాత ఒకాయన "ఎక్స్ అంటే ఏంట్రా?" అన్నాడు. దూరంగా ఉన్నదాన్ని ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో ఆ లెక్క అని పిల్లవాడు చెప్పాడు. తాత కాసేపు ఆలోచించి, "మరి మనిషే దగ్గరకి పోతే?" అన్నాడు.

అందరం నవ్వాం. ఇంటికి పోయాక కూడా ఆ రెండు ప్రశ్నలూ మమ్మల్ని వదల్లేదు. ఈ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గం అడిగినప్పుడు వాటికే జవాబు వెతకాలనిపించింది. ముందుగా ఒక మాట. మన దేశంలో వేట చట్టరీత్యా నేరం. ఇది ఎవరినీ వేటకు పంపడానికి రాసింది కాదు. మన తాతలకు తెలిసిన దూరం ఎంత, దొరలు తెచ్చిన దూరం ఎంత, వాటి మధ్య మనం ఏమయ్యాం అన్నదే ఇక్కడి సంగతి.

విల్లుతో మొదలుపెడదాం. ఆ పోటీలో మేము గురిపలకను 30 మీటర్ల దూరంలో పాతాం. తాత వచ్చి దాన్ని పీకి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచి, 20 అడుగుల దగ్గర మళ్ళీ పాతాడు. అంటే 15 మీటర్లు కూడా ఉండదు. పిల్లలు నిరాశపడ్డారు. ఆయన చెప్పిన కారణం మాత్రం మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు: "అంత దూరం నుంచి కొడితే అది నారి చప్పుడు వింటది. బాణం చేరేసరికి అక్కడ ఉండదు."

మేము లెక్క వేసి చూశాం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. చేతి విల్లు నుంచి వచ్చే బాణం సెకనుకు 45, 50 మీటర్లు పోతే గొప్ప. 30 మీటర్ల దూరానికి చప్పుడు సెకనులో పదో వంతు లోపే చేరుతుంది, బాణానికి అరసెకను పైనే పడుతుంది. చెవులు నిక్కించుకుని ఉన్న దుప్పికి ఆ తేడా చాలు. 12 మీటర్లలో అయితే బాణానికి పావు సెకను. తాతకు ఈ అంకెలు తెలియవు. అంకెలు చెప్పే ఫలితం తెలుసు.

ఇంకొకటి. తూటాలాగా బాణం దెబ్బతో పడగొట్టదు. రక్తం పోయేలా చేసి చంపుతుంది. ఎంత బాగా తగిలినా జంతువు కొంత దూరం పరుగెత్తుతుంది. ఆ జాడ పట్టుకుని పోవాలి. తప్పుచోట తగిలితే అది రెండు కొండల అవతల ఎక్కడో పడి నక్కల పాలవుతుంది, మనకు దక్కదు. కాబట్టి మన వేటలో అసలు పని బాణం వదలడం కాదు, అంతకు ముందు జరిగేది. గాలి ఎటు వీస్తుందో చూసుకోవడం, ఎండుటాకు మీద అడుగు పడకుండా నడవడం, జంతువు తల దించి మేసేటప్పుడు కదిలి, తల ఎత్తినప్పుడు చెట్టు మొద్దులా నిలిచిపోవడం. ఒక పూటంతా ఇదే పని. బాణం వదిలేది ఒక్క క్షణం.

దొరల దగ్గర ఈ పనంతా అద్దం చేస్తుంది. తుపాకి మీద దుర్భిణి బిగించాలన్న ఆలోచన పాతదే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మాల్కమ్ అనే ఆయన 1855లో తుపాకి టెలిస్కోపుల తయారీ మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో వాటిని వాడారు. అప్పటివి తుపాకి గొట్టమంత పొడుగుండేవి. 19వ శతాబ్దం చివరికి ఆస్ట్రియా, జర్మనీల్లో అద్దాల పని బాగా ముదిరి, వేటగాళ్ళు మోసుకుపోగలిగే పొట్టి స్కోపులు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మనీ సైన్యం తన వేటగాళ్ళ దగ్గరున్న స్కోపు తుపాకులను సేకరించి కందకాలకు పంపింది. వేటకు పుట్టిన వస్తువు మనిషి మీదికి తిరగడానికి ఎంతో కాలం పట్టలేదు. 1930లో అమెరికాలో బిల్ వీవర్ సామాన్యుడు కొనుక్కోగల స్కోపు తెచ్చాడు. అది చూపించేది మూడు రెట్లకు కాస్త తక్కువే. చాలామంది వేటగాళ్ళకు అదే సరిపోయింది.

ఎందుకు సరిపోయింది? ఇక్కడే మన పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఉంది. రెట్లు పెరిగేకొద్దీ మూడు నష్టాలు వస్తాయి. మొదటిది, కనిపించే మేర తగ్గుతుంది. నాలుగు రెట్ల స్కోపులో 100 మీటర్ల దూరాన సుమారు పది మీటర్ల వెడల్పు కనిపిస్తే, పన్నెండు రెట్లలో మూడు మీటర్లే కనిపిస్తుంది. వెదురు పొదల్లో 30 మీటర్ల దూరాన కదిలే పందిని ఆ కిటికీలోంచి వెతకడం తాళం చెవి బెజ్జంలోంచి జాతర చూసినట్టే. రెండోది, చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. మూడోది వెలుతురు. ముందు అద్దం వెడల్పును రెట్ల సంఖ్యతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట ఎంత లావో తెలుస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దానికి నాలుగు రెట్లయితే 10 మిల్లీమీటర్లు, పది రెట్లయితే 4. చీకట్లో పడుచువాళ్ళ కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, ముసలితనంలో అంత విచ్చుకోదు. జంతువులు నీళ్ళకు దిగేది మునిమాపు వేళ. ఆ వేళకు పది రెట్ల స్కోపులో బొమ్మ పెద్దగానే ఉంటుంది, మసకగా ఉంటుంది. అందుకే దట్టమైన అడవికి ఒకటిన్నర నుంచి నాలుగు రెట్లు, కొండవాలుల మీద 200, 300 మీటర్ల దూరానికి ఆరు నుంచి తొమ్మిది అని తెలిసినవాళ్ళు చెబుతారు. ఇరవై అయిదు రెట్లు కాగితపు గురి కొట్టేవాళ్ళకు.

అంటే దొర కూడా అడవి లోపలికి వచ్చేకొద్దీ రెట్లు తగ్గించుకోవాల్సిందే. తాత మాటకు చేరువగా రావలసిందే!

మన దేశంలో పేరుమోసిన వేటగాళ్ళ కథ చూసినా ఇదే తేలుతుంది. జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ పులిని చంపినప్పుడు ఆయన తుపాకిలో తూటాలు అయిపోయి, తహసీల్దారు చేతిలోని తుపాకి తీసుకుని చివరి దెబ్బ వేశాడు. 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టినప్పుడు తుపాకికి కట్టుకున్నది టార్చిలైటు, స్కోపు కాదు. మన చిత్తూరు అడవుల్లో, మామండూరు ప్రాంతంలో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ రాతల్లోనూ జాడలు చెప్పేది, మంచె ఎక్కడ కట్టాలో చూపించేది అడవిలో పుట్టినవాళ్ళే. దొరకు నిజమైన దుర్భిణి అతని ముందు నడిచిన మనిషి. ఆండర్సన్ కొందరి పేర్లయినా రాశాడు. చాలామంది అదీ చేయలేదు.

20వ శతాబ్దం తొలి ఏళ్ళలో వైస్రాయి కర్జన్, ఆయన భార్య వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేటకు వచ్చినప్పుడు, చచ్చిన పులి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. దాని కింద దొర పేరు, దొరసాని పేరు ఉంటాయి. పులి ఏ వాగున పడుకుందో చెప్పిందెవరు, డప్పులు కొడుతూ పొదల్లోంచి తోలిందెవరు అన్నది ఉండదు. పులిని తోలే పని ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మంచె మీద కూర్చున్నవాడికి పులి ఎదురుగా వస్తుంది, తోలేవాడికి ఏ పొద వెనక నుంచైనా రావచ్చు.

తుపాకి మనకు రాలేదా అంటే, వచ్చింది. మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకి, కొన్నిచోట్ల బర్మారు అంటారు, అది అడవి ఊళ్ళలో పంట కావలికి ఉండేది. ఒక్క దెబ్బ పేలిస్తే మళ్ళీ దట్టించడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి దాంతోనూ దగ్గరకే పోవాలి. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. మన దేశపు మనిషికి తుపాకి ఉండాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. ఆ మరుసటి ఏడాదే, 1879లో, రంపలో పితూరీ లేచింది. దానికి కారణం ఆయుధాల చట్టమని మేము అనడం లేదు. కల్లు పన్ను, మన్సబుదారు దౌర్జన్యం, షావుకార్ల అప్పులు అసలు కారణాలు. తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తుపాకికి ఒక కాగితం, అడవిలో అడుగుకు ఇంకో కాగితం.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వారి వెంట వందలమంది మన్యంవాళ్ళు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి చేతికొచ్చినవి 26 తుపాకులు, వాటి తూటాలు. మరుసటి నెలలో దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు హతమయ్యారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన దొరలను మాత్రమే కొట్టారు. మేము ఈ సంఘటనను వేటగాళ్ళ కళ్ళతో చదువుతాం. కనుమలో ఎవరు ఎవరో మొహం పోల్చుకునేంత దగ్గరలో, దగ్గు కూడా రాకుండా, మొదటి వరసను కదలనిచ్చి రెండో వరస కోసం కాచుకోవడం. తల దించిన జంతువు దగ్గర నేర్చిన ఓపిక అది. దాన్ని అణచడానికి సర్కారు మలబారు పోలీసులను, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్‌ను తెప్పించవలసి వచ్చింది. 1924 మే 7న రాజు హతుడయ్యాడు. 1940లో జోడెఘాట్‌లో కొమురం భీం, ఆయనతో ఉన్న గోండు వీరులు నైజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. అక్కడ పోలీసుల రైఫిళ్ళు దూరం నుంచి పలికాయి, మనవాళ్ళ ఆయుధాలు అంత దూరం పోయేవి కావు.

స్వాతంత్ర్యం వచ్చాక షికారీల కాలం కొన్నాళ్ళు సాగి, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముగిసింది. అడవిలో జంతువులు అయిపోతున్నమాట నిజం. ఆ చట్టం రావలసిందే అని మేమూ ఒప్పుకుంటాం. మాకు గుచ్చుకునేది ఒక్కటే. ఫొటోల కోసం చంపినవాడినీ, కూటికోసం చంపినవాడినీ ఒకే సెక్షను కింద కూర్చోబెట్టారు. ఆ చట్టంలోనే నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కును మాత్రం కాపాడుతూ ఒక సెక్షను ఉంది. మనకు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తించినప్పుడు కూడా వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఏజెన్సీలో చైత్రమాసపు ఇటుకల పండగకు మగవాళ్ళు వేటకు పోవడం, వట్టి చేతులతో తిరిగొచ్చినవాణ్ణి ఆడవాళ్ళు ఎగతాళి పట్టించడం రివాజు. ఇప్పుడు చాలా ఊళ్ళలో అది పాటగా, రోడ్డుకు అడ్డం కట్టి చందాలు అడిగే సరదాగా మిగిలింది.

మనవాళ్ళ తప్పు కూడా చెప్పుకోవాలి. చాటుగా వేట ఆగలేదు, దాని పద్ధతి మాత్రం చెడింది. పొలం గట్టున కరెంటు తీగ పరిచి పడుకుంటున్నారు. ఉచ్చు పెట్టి పోతున్నారు. ఆ తీగకు పంది, గొడ్డు, మనిషి అన్న తేడా తెలియదు. చీకట్లో కాలవకు పోయిన మన పిల్లలే దాని మీద పడి చనిపోయారు. ఆ మాట ఎత్తితే తాత మొహం తిప్పుకున్నాడు. కడుపుతో ఉన్న దుప్పి కనబడితే విల్లు దించేసిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. కడుపుతో ఉందని తెలియాలంటే ఎంత దగ్గరకు పోవాలో ఆలోచించండి.

పిల్లవాడికి ఫోనులో జవాబు పంపాం: దట్టమైన అడవికి నాలుగు రెట్లు చాలు, వీడియోలో చూపించే ఇరవై అయిదు రెట్లు ఉత్త ఆర్భాటమని. వాడు వెంటనే ఇంకో ప్రశ్న పెట్టాడు. తాత పేరు సంచికలో వేస్తున్నారా అని. అడిగితే ఆయన వద్దన్నాడు. ఫారెస్టువాళ్ళు చదువుతారేమోనట. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, విల్లు వదిలేసి నలభై ఏళ్ళయింది, అయినా ఆ భయం పోలేదు. అందుకే పేరు వేయలేదు. ఆయన విల్లు మాత్రం సంఘం గదిలో గోడకు వేలాడుతోంది. నారి ఆయన దగ్గరే ఉంచుకున్నాడు.

మీ ఇళ్ళలో పాత షికారు ఫొటోలు ఉంటే సంఘానికి చూపించండి. దొర వెనక వరసలో, సగం కోసేసిన అంచున, తలగుడ్డ కట్టుకుని నిలబడ్డవాళ్ళు ఎవరి తాతలో మనలో ఎవరైనా గుర్తుపట్టవచ్చు.